నున్నని తీగ, మంద్ర స్వరం: హౌరా రైలు దారిలో ఫ్లాట్‌వౌండ్ చరిత్ర

హుగ్లీ నదికి పడమటి గట్టున, హౌరా స్టేషన్ నుంచి ఖరగ్‌పూర్ వైపు బయలుదేరిన ఆగ్నేయ రైల్వే లోకల్ బండికి మొట్టమొదట వచ్చే స్టేషన్ టికియాపారా. లోకల్ రైళ్ల కార్ షెడ్డుతో, లేతు మిషన్ల చప్పుడుకు పేరుపడిన బెలీలియస్ రోడ్డుతో, ఇరుకు సందుల్లోని చిన్న చిన్న ఇనుప కార్ఖానాలతో నిండిన ఈ పేట పేరు వింటే సంగీతం ఎవరికీ వెంటనే స్ఫురించదు. అయినా, ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌కు ఏ తరహా తీగ బిగించాలన్న ప్రశ్న కలకత్తా నగరంలో ఎలాంటి పరిస్థితుల నడుమ తలెత్తిందో గ్రహించాలంటే ఈ రైలు దారి నుంచే మొదలుపెట్టడం సబబు. ఎందుకంటే ఆ ప్రశ్నను నిర్ణయించినవి చెవి, అభిరుచి మాత్రమే కావు, రైల్వే కాలనీల నాట్యశాలలు, బెంగాల్ గాలిలోని తేమ, దిగుమతి లైసెన్సుల కాలం కూడా దానిలో పాలుపంచుకున్నాయి.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1900లో ఖరగ్‌పూర్ మీదుగా హౌరాకు చేరింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీరపు మార్గం కూడా దానిలో కలిసింది. అప్పటి నుంచి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల తెలుగువారు ఉపాధి వెతుక్కుంటూ ఉత్తరానికి వెళ్లిన దారి ఇదే అయింది. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానా చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాల సంఖ్య ఎంత పెరిగిందంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆ పట్టణమే ప్రధాన కారణమైంది. అదే దారి మీద, వాల్తేరులోనూ ఖరగ్‌పూర్‌లోనూ రైల్వేలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు మరో సంస్కృతిని పెంచి పోషించాయి. ఉద్యోగుల వినోదం కోసం కట్టిన క్లబ్బు భవనాలను రైల్వే ఇన్‌స్టిట్యూట్లు అనేవారు. వాటి చెక్క నేల మీద జంటలుగా నాట్యం చేయడానికి పియానో, గిటార్, డ్రమ్స్‌తో వాద్యబృందాలు వాయించేవి. కలకత్తా హోటళ్లలో, రెస్టారెంట్లలో పాశ్చాత్య సంగీతాన్ని జీవనోపాధిగా చేసుకున్నవారిలో ఆంగ్లో ఇండియన్లు, గోవా వారు ఎక్కువమంది కావడం వెనక ఇటువంటి నేపథ్యం ఉంది.

ఆ బృందాల్లో అడుగు స్వరాలు పలికే బాధ్యత తొలుత డబుల్ బేస్‌ది. మనిషి కంటే ఎత్తుగా నిలబడే ఈ పెద్ద వయొలిన్ జాతి వాద్యానికి అప్పట్లో జంతువుల పేగుతో చేసిన తంత్రులు వాడేవారు. వేలితో మీటితే గుండ్రంగా, మెత్తగా మోగి త్వరగా ఆగిపోయే నాదం దానిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కలకత్తా గ్రాండ్ హోటల్‌లో బృందాన్ని నడిపి, 1945లో ఆ నగరంలోనే కలరాతో మరణించిన అమెరికన్ నల్లజాతి పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ కాలం నాటి జాజ్‌కు పునాది ఆ నాదమే. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తయారుచేసిన ప్రెసిషన్ బేస్, డబుల్ బేస్ పనిని భుజాన వేలాడదీసుకునే వాద్యంలోకి తెచ్చింది. వాద్యం రూపు మారినా దాని నుంచి శ్రోతలు ఆశించిన ధ్వని మాత్రం పాతదే, డబుల్ బేస్ ధ్వనే. ఫ్లాట్‌వౌండ్ తీగ కథ ఈ ఆశింపుతోనే మొదలవుతుంది.

బేస్ తీగను ఎందుకు చుట్టాలో ముందు తెలుసుకోవాలి. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపించాలి. తక్కిన మూడూ 55, 73, 98 సార్లు కంపిస్తాయి. తీగ కంపించే నిడివి సాధారణంగా 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్ల పైచిలుకు. అంత పొట్టి నిడివిలో అంత నెమ్మదిగా కంపించాలంటే తీగ బరువుగా ఉండాలి, లేదా వదులుగా ఉండాలి; వదులు చేస్తే మెట్ల మీద పడి దడదడలాడుతుంది కాబట్టి బరువు పెంచడమే మార్గం. పద్దెనిమిది కిలోల బిగువుతో ఆ స్వరం పలకాలంటే, ఒంటి ఉక్కు తీగ అయితే దాదాపు 2.4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. అది తీగ కాదు, కడ్డీ. మందం రెట్టింపైతే వంగని గుణం పదహారు రెట్లు పెరుగుతుంది. అలా బిర్రబిగిసిన తీగలో మూల స్వరానికి పైన పుట్టే అనుస్వరాలు తమ స్థానం కంటే హెచ్చుగా పలికి, నాదం అపస్వరంగా తోస్తుంది. భారతీయ వాద్యాలు ఈ చిక్కును లోహం మార్చి కొంతవరకు ఎదుర్కొన్నాయి. కలకత్తాలోని రాస్‌బిహారీ అవెన్యూలో హీరేన్ రాయ్, హేమేన్ సేన్ వంటి ప్రసిద్ధ నిపుణులు చేసిన సితార్లు, సరోద్‌ల సంప్రదాయంలో కింది స్థాయి తంత్రులకు ఉక్కు బదులు కంచు తీగ వేస్తారు. అయితే కంచు ఉక్కు కంటే ఎనిమిదో వంతు మాత్రమే ఎక్కువ బరువు. బేస్ గిటార్ దిగవలసిన లోతుకు ఆ తేడా ఏ మూలకూ చాలదు.

అందుకే సన్నని ఉక్కు తీగ చుట్టూ మరో తీగను దగ్గర దగ్గరగా చుడతారు. లోపలి తీగ వంగుతుంది, పై చుట్టు బరువునిస్తుంది. పేగు తంత్రి మీద లోహం చుట్టే ఈ పద్ధతి ఐరోపాలో 17వ శతాబ్ది ద్వితీయార్ధం నాటికే వాడుకలోకి వచ్చింది. నేటి సరస్వతీ వీణలో మంద్ర, అనుమంద్ర తంత్రులు కూడా చుట్టు తీగలే కనుక తెలుగు పాఠకులకు ఈ నిర్మాణం కొత్తదేమీ కాదు. అయితే చుట్టేది గుండ్రని తీగ అయితే తంత్రి ఒడలంతా సన్నని గాడులు పడతాయి. వేలు జరిగినప్పుడల్లా ఆ గాడుల మీద రాపిడి కీచుమని వినిపిస్తుంది. గుండ్రని తీగకు బదులు చదునైన రేకు తీగను అంచుకు అంచు చేర్చి చుడితే పైతలం అద్దంలా నున్నగా తయారవుతుంది. గుండ్రని తీగ చుట్టినదాన్ని రౌండ్‌వౌండ్ అనీ, రేకు తీగ చుట్టినదాన్ని ఫ్లాట్‌వౌండ్ అనీ పిలుస్తారు. చాలా ఫ్లాట్‌వౌండ్ తీగల్లో ఉక్కు నడుమ తీగకూ పై రేకుకూ మధ్య మరో సన్నని చుట్టు కూడా ఉంటుంది. వయొలిన్ ప్రపంచంలో రేకు చుట్టు మామూలు విషయం; కమాను వెంట్రుకలు గాడుల మీద పడితే గరగర తప్పదు కాబట్టి అక్కడ వేరే దారే లేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో బోధించిన వాద్యం, కలకత్తా డాన్స్ బ్యాండ్లలో మోగిన బేస్ గిటార్ ఒకే రైలు మార్గపు రెండు కొసల్లో ఉన్నట్టు కనిపించినా, తంత్రి నునుపు విషయంలో వాటి అవసరాలు ఎంతో దగ్గరివి.

బెంగాల్‌కు ఈ నునుపు విలువ మరో వాద్యం ద్వారా ముందే తెలుసు. ఒడిలో అడ్డంగా పెట్టుకుని, ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీని తీగల మీద జార్చుతూ వాయించే హవాయి గిటార్ బెంగాలీ ఇళ్లలో పాతుకుపోయినంతగా భారతదేశంలో మరెక్కడా పాతుకుపోలేదు. హవాయి దీవుల నుంచి కుటుంబంతో దేశదేశాలు తిరిగిన టౌ మో 1940లలో కలకత్తాలో నివసించి, అక్కడ శిష్యులను తయారుచేశాడు; అలోహా బాయ్స్ బృందాన్ని నడిపిన గార్నీ నిస్ ఆ ఒరవడిలోని వాడే. తరువాతి కాలంలో బటుక్ నంది, సునీల్ గంగూలీ వంటి వారు రవీంద్ర సంగీతాన్నీ సినిమా పాటలనూ ఆ వాద్యం మీద వాయించి రికార్డులు ఇచ్చారు. ఉక్కు మీద ఉక్కు జారే ఈ వాద్యంలో తీగ గరుకుగా ఉంటే రాగం కంటే రాపిడే ముందు వినిపిస్తుంది. చుట్టు తీగ నున్నగా ఉండాలన్న ఎరుక బేస్ గిటార్‌తో కలకత్తాకు కొత్తగా వచ్చింది కాదని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పవలసి ఉంది. 1960ల మధ్య వరకూ ప్రపంచంలో ఎక్కడైనా సరే బేస్ గిటార్ అంటే దాదాపుగా నున్నని తీగే. అప్పటికి ఎంపిక అన్న ప్రశ్నే పెద్దగా లేదు. డెట్రాయిట్ నగరంలో మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ప్రెసిషన్ బేస్‌కు లా బెల్లా కంపెనీ వారి మందపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు బిగించి, తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదు. ఒక్క చూపుడు వేలితోనే మీటే ఆయన పద్ధతికి, బ్రిడ్జి మూత కింద తీగలకు ఒత్తుకుని వాటి మోతను తగ్గించే స్పాంజి తోడై, ప్రతి స్వరమూ దరువులా పడి ఆగేది. లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో కెరోల్ కే కూడా నున్నని తీగలనే పిక్‌తో మీటింది. తీగల మీద ఫెల్ట్ ముక్క ఉంచి వాటి మోతను అదుపు చేసింది. లివర్‌పూల్ బృందం బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ వయొలిన్ ఆకారపు హాఫ్‌నర్ బేస్ మీద వాయించినదీ ఈ జాతి తీగల మీదనే. ఆ రికార్డులు వింటూ పెరిగిన కలకత్తా యువకులకు బేస్ ఇలాగే మోగాలన్న భావన స్థిరపడడం సహజం.

మార్పు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1949 నాటి ‘ది థర్డ్ మ్యాన్’ సినిమాలో వియన్నా వాద్యకారుడు ఆంటన్ కరాస్ వాయించిన జిథర్ విని ముగ్ధుడైన జేమ్స్ హౌ అనే ఇంజనీరు, ఆ వాద్యానికి తంత్రులు దొరక్క తానే తయారుచేయడం మొదలుపెట్టాడు. రోటోసౌండ్ సంస్థ పుట్టుక అదే. 1966లో ‘ది హూ’ బృందపు బేస్ వాద్యకారుడు జాన్ ఎంట్విసల్ ఆ సంస్థతో కలిసి పనిచేయగా, పియానో కింది తీగల్లా ఖంగుమని మోగే రౌండ్‌వౌండ్ బేస్ తీగ రూపుదిద్దుకుంది. అప్పటి వరకూ వెనక నిలబడిన బేస్ ఒక్కసారిగా ముందుకు వచ్చి గొంతెత్తింది. పదేళ్లు తిరిగేసరికి, 1976లో, జాకో పాస్టోరియస్ మెట్లు తీసేసిన బేస్ మీద కూడా రౌండ్‌వౌండ్ తీగలే వేసి, గరుకు తీగ చెక్కను కోసేయకుండా దాని మీద ఎపాక్సీ పూత పూసి, వాద్యపు హద్దులనే మార్చేశాడు. ఎంపిక అన్న ప్రశ్న నిజంగా పుట్టింది ఈ దశాబ్దంలోనే: పాటను మోసే నాదం కావాలా, పాటలో మాట్లాడే నాదం కావాలా అన్నది ఇక వాద్యకారుడు తేల్చుకోవలసి వచ్చింది.

కలకత్తాలో ఈ ప్రశ్న ఎదురైన చోటు పార్క్ స్ట్రీట్. 1956లో తెరిచిన మొకాంబో, ట్రింకాస్, బ్లూ ఫాక్స్ వంటి రెస్టారెంట్లలో రాత్రి పూట బృందాలు వాయించేవి; పామ్ క్రెయిన్ జాజ్ గానానికి పేరు తెచ్చుకున్నదీ, 1969లో ఉషా ఉతుప్ ట్రింకాస్‌లో పాడనారంభించినదీ, తరువాత లూయిస్ బ్యాంక్స్ బ్లూ ఫాక్స్‌లో పియానో ముందు కూర్చున్నదీ ఆ వీధిలోనే. భోజనం చేస్తున్నవారి సంభాషణకు అడ్డుపడకుండా, నాట్యం చేసేవారి పాదాలకు మాత్రం స్పష్టంగా అందేలా వాయించవలసిన ఉద్యోగం అది. అటువంటి గదిలో ఫ్లాట్‌వౌండ్ గుణాలన్నీ అనుకూలిస్తాయి: మూల స్వరం నిండుగా ఉంటుంది, పై అనుస్వరాలు అణిగి ఉంటాయి, వేలి రాపిడి మైకులోకి పోదు. దీనికి భిన్నంగా 1970లలో రాక్ సంగీతం వైపు మళ్లిన కలకత్తా యువ బృందాలు, 1975లో గౌతమ్ చట్టోపాధ్యాయ ఆధ్వర్యంలో వెలసిన మొహీనేర్ ఘోరాగులి వంటి బెంగాలీ పాటల బృందాలు వేరే ధ్వనుల కోసం వెతికాయి. ఈలోగా నక్సలైట్ ఉద్యమ కాలపు అశాంతి, ప్రత్యక్ష సంగీతం మీద పడిన వినోదపు పన్ను కలిసి పార్క్ స్ట్రీట్ రాత్రులను పలచన చేశాయి. డాన్స్ బ్యాండ్లతో పాటు నున్నని తీగకు సహజమైన నెలవు కూడా కుంచించుకుపోయింది.

అభిరుచిని పక్కన పెడితే, తీగ దొరకడమే ఒక సమస్య. 1957 నాటి విదేశీ మారక ద్రవ్య సంక్షోభం తరువాత బిగిసిన దిగుమతి ఆంక్షలు 1991 దాకా ఏదో ఒక రూపంలో కొనసాగాయి. వాద్య పరికరాలు దేశానికి అత్యవసరమైన వస్తువుల జాబితాలో ఉండే అవకాశమే లేదు. గివ్‌సన్ వంటి కలకత్తా గిటార్లు దేశమంతటా విద్యార్థుల చేతుల్లోకి వెళ్లినా, విదేశీ బేస్ తీగల సెట్టు కావాలంటే విదేశాల నుంచి వచ్చే బంధువు మీదో, ఓడల మీద తిరిగే పరిచయస్థుడి మీదో, విదేశీ సరుకుకు పేరుపడిన ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్ లాంటి చోట్ల మీదో ఆధారపడవలసిందే. అటువంటి కాలంలో తీగ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఎలా మోగుతుందన్న దానితో సమానమైన ప్రశ్న.

ఈ సందర్భంలోనే బెంగాల్ గాలి గుర్తుకు రావాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హుగ్లీ రెండు గట్ల మీదా గాలిలో తేమ తరచు 80 శాతం దాటి ఉంటుంది. వాద్యకారుడి వేళ్ల చెమట, చర్మపు జిడ్డు, దుమ్ము కలిసి రౌండ్‌వౌండ్ తీగ గాడుల్లో చేరి గట్టిపడతాయి. తీగ బరువు పొడవునా ఒకేలా ఉండదు, మెట్ల దగ్గర శ్రుతి కుదరదు, మొదటి వారాల్లోని ఖంగున మోగే గుణం పోయి నిర్జీవమైన మోత మిగులుతుంది. అలాంటి తీగలను విప్పి నీళ్లలో మరగబెట్టి, తుడిచి, ఎండబెట్టి మళ్లీ బిగించడం అన్ని దేశాల పేద వాద్యకారులకూ తెలిసిన ఉపాయమే. దాంతో గాడుల్లోని జిడ్డు కరిగి కొన్నాళ్లు ప్రాణం తిరిగివచ్చినా, విప్పి బిగించిన ప్రతిసారీ మేకుల దగ్గరి మెలికలో లోహం అలసి తెగే ప్రమాదం ఉంటుంది. ఫ్లాట్‌వౌండ్‌కు ఆ గాడులు లేవు. పైగా దాని పై రేకు సాధారణంగా తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు. కొత్తలో కొంచెం మొరటుగా మోగినా, నెలలు గడిచే కొద్దీ మెత్తబడి ఏళ్ల తరబడి అదే స్థితిలో నిలుస్తుంది. మెట్లను కూడా అది తక్కువగా అరగదీస్తుంది. విడి భాగాలు దొరకని కాలంలో ఇదేమీ చిన్న లాభం కాదు. ఖరీదు ఎక్కువన్న ఫిర్యాదు న్యాయమైనదే, కానీ ఒక సెట్టుతో పదేళ్లు గడిపే వాద్యకారుడి లెక్కలో అది నిలవదు.

1991 తరువాత దిగుమతులు సులువైనప్పుడు ఎంపిక ప్రశ్న కొత్త రూపం తొడిగింది. నేడు హౌరా వంతెన దాటి లాల్‌బజార్, రవీంద్ర సరణి వాద్యాల దుకాణాలకు వెళ్లే వారికి ఫ్లాట్‌వౌండ్ అనేది ఒకే వస్తువు కాదని తెలుస్తుంది. 1919లో వియన్నాలో స్థాపితమైన థొమాస్టిక్ ఇన్‌ఫెల్డ్ సంస్థ తీగలు స్వచ్ఛమైన నికెల్ రేకుతో, తక్కువ బిగువుతో ఉండి, వేలి కింద మెత్తగా వంగుతాయి. స్వరాల మధ్య తేడాలు స్పష్టంగా వినిపించాలనుకునే జాజ్ వాద్యకారులకు అవి నచ్చుతాయి. జేమర్సన్ వాడిన కొలతలైన 0.052 నుంచి 0.110 అంగుళాల మందపు లా బెల్లా తీగలు అందుకు పూర్తిగా వ్యతిరేకం. వేళ్లలో బలం కోరతాయి, బదులుగా దిట్టమైన దరువునిస్తాయి. తీగ మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే ఈ కొలతను గేజ్ అంటారు. చాలామందికి 0.045 నుంచి 0.105 దాకా ఉండే మధ్యస్థపు సెట్టు సరిపోతుంది. అయితే ఒకే గేజ్ ఉన్న రెండు కంపెనీల తీగల బిగువు ఒకటి కానక్కర్లేదు. నడుమ తీగ మందం, దాని కోత ఆరు పలకలా గుండ్రమా, రేకు ఏ లోహం అన్న వాటిని బట్టి అది మారుతుంది. కనుక అట్ట మీది అంకెలు మాత్రమే చూసి కొనేవారు తరచు నిరాశపడతారు.

మారిన బిగువును వాద్యం కూడా భరించాలి. నాలుగు తీగలు కలిసి గిటార్ మెడ మీద వేసే బరువు మధ్యస్థపు సెట్టుతో దాదాపు ఎనభై కిలోలు. భారీ సెట్టు వేస్తే ఇంకా పెరిగి మెడ ముందుకు వంగుతుంది, అప్పుడు మెడ లోపలి ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని మెల్లగా బిగించి దాన్ని సరిచేయాలి. మెడ కొసన తీగలు కూర్చునే గాడుల పట్టీ సన్నని తీగలకు కోసినదైతే లావు తీగ గాడి పైనే నిలిచి మొదటి మెట్టు దగ్గర శ్రుతి హెచ్చుతుంది. గాడిని సన్నని ఆకురాయితో తీగ మందానికి తగినంతే వెడల్పు చేయాలి, అడుగును ముట్టుకోకూడదు. చదును రేకును పదునుగా మడిచినా, అవసరానికి మించి కత్తిరించినా చుట్టు వదులై తీగ మూగబోతుంది కాబట్టి, మేకు దగ్గర ముందుగా లంబకోణంలో ఒక మడత పెట్టి, ఆ మడతకు అవతల మాత్రమే కోయడం నిపుణుల ఆచారం. ఎపాక్సీ పూత పూయని, మెట్లు లేని బేస్‌కు అయితే ఈ తీగ వాడకంలో చర్చే లేదు. పూత లేని చెక్క మీద రౌండ్‌వౌండ్ తీగ కొన్ని నెలల్లోనే గీతలు కోస్తుంది, ఫ్లాట్‌వౌండ్ తీగ ఆ చెక్కను ఏళ్ల తరబడి కాపాడుతుంది.